పందుల్ని మందగా కాయడం అనేది నిజంగా ఒక వృత్తిగా ఉండేదా? ఎలా కాసేవాళ్ళు?

సర్జాపూర్‌వాసి

అందరికీ నమస్తే. కొంచెం వింత ప్రశ్న, నవ్వకండి. మాది నెల్లూరు, ఇప్పుడు బెంగళూరులో సర్జాపూర్ రోడ్డు వైపు ఉంటున్నాం. మా లేఅవుట్ వెనకాల ఒక చెరువుంది, చెరువనాలో మురుగుగుంట అనాలో మీ ఇష్టం. పొద్దున్నే ఒకాయన మోపెడ్ మీద డబ్బాల్లో హోటళ్ళ దగ్గర మిగిలిన అన్నం, కూరలు తెచ్చి గట్టు మీద నిలబడి నోటితో ఏదో కూత వేస్తాడు, అంతే ఏ తుప్పల్లో ఉన్నాయో ఏమో పందులన్నీ పిల్లల్తో సహా పరిగెత్తుకుంటూ వచ్చేస్తాయి. ఆయన ఒక్కొక్కదాన్ని చూసుకుంటాడు, లెక్క పెట్టుకుంటాడు, ఒకటి రాకపోతే మళ్ళీ కూత. నేనిన్నాళ్ళూ రోడ్డు మీద తిరిగే పందులు ఎవరివీ కావనుకునేవాణ్ణి.

అప్పట్నుంచి ఒకటే ఆలోచన. గొర్రెల కాపరి, మేకల కాపరి, ఆవుల కాపరి అంటే కథల్లో పాటల్లో దేవుళ్ళ దగ్గర అంతా వాళ్ళే, కానీ పందుల కాపరి అంటే నాకు గుర్తొచ్చేది చర్చిలో విన్న తప్పిపోయిన కుమారుడి కథ ఒక్కటే. చరిత్రలో నిజంగా పందుల్ని అడవికి తోలుకెళ్ళి మేపేవాళ్ళా? పంది మాట వింటుందా అసలు? మా ఆవిడ అయితే నీకు ఆఫీసులో పని లేదా అంటోంది.

మైలాపూర్ మావయ్య

పని లేనివాళ్ళకే ఇలాంటి మంచి ప్రశ్నలొస్తాయి బాబూ. నేను రిటైరయ్యి చెన్నైలో కూర్చుని ఇవే చదువుతుంటా, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపికుంటే చదవండి.

వృత్తిగా ఉండేదా అంటే, యూరప్‌లో కొన్ని వందల ఏళ్ళ పాటు చాలా ఊళ్ళల్లో ఉండేది. ముందు మీరు చూసిన ఆ కూత గురించి చెప్తా, ఎందుకంటే అసలు కిటుకంతా అందులోనే ఉంది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో పాలిబియస్ అని గ్రీకు చరిత్రకారుడు, రోమ్‌లో చాలా ఏళ్ళు ఉన్నాడు, ఆయన రాశాడు: మా గ్రీసులో పందుల కాపరి మంద వెనకాల నడుస్తాడు, ఇటలీలో మాత్రం కాపరి ముందు నడుస్తూ కొమ్ము ఊదుతుంటే పందులు వెనకాల వస్తాయి అని. ఇటలీ తీరంలో మందలు చాలా పెద్దవంట, ఒక్కో మందలో వెయ్యి దాకా కూడా ఉండేవంట, రెండు మూడు మందలు ఒకే చోట కలిసిపోతే గొర్రెల్లాగా విడదీయడానికి నానా తిప్పలు పడక్కర్లేదు, ఎవడి కొమ్ము వాడు ఊదుకుంటూ తలో దిక్కుకీ నడిస్తే చాలు, ఏ పందికా పంది తన కాపరి కొమ్ము గుర్తుపట్టి అటే పరిగెడుతుంది, ఎంత ఊపుగా అంటే ఆపడం ఎవరి తరమూ కాదు అంటాడు. మీ మోపెడ్ ఆయన చేసేది అదే పని, కొమ్ము లేదంతే.

ఇది ఎందుకంటే గొర్రెకి భయమేస్తే పక్క గొర్రెని అంటుకుంటుంది, అందుకే వెనకనుంచి అదిలిస్తే మందంతా ఒక్క ముద్దగా కదులుతుంది. పందికి భయమేస్తే ఎటు సందు దొరికితే అటు దూరుతుంది, పది పందులు పది దిక్కులకి. దాన్ని తోలడం కష్టం, పిలవడం తేలిక.

ఇంక అడవి సంగతి. పంది గడ్డి మీద బతకలేదు, దానికి ఆవు కడుపు లేదు, నెమరు లేదు. చెమట కూడా దాదాపు పట్టదు కాబట్టి నీడా బురదా ఉండాలి. పాలు పితుక్కోలేం, ఉన్ని రాదు. అందుకే మధ్య ఆసియా బయళ్ళలో గుర్రాలూ గొర్రెలూ మేపుతూ తిరిగే సంచార జాతులున్నాయి గానీ పందుల్తో తిరిగేవాళ్ళు కనపడరు. పంది కాపరి ఎప్పుడూ ఊరికీ అడవికీ మధ్య మనిషే. పొద్దున ఊళ్ళో ఇంటింటి పందుల్నీ పోగేసుకుని అడవికి తీసుకెళ్ళి సాయంత్రం తెచ్చి అప్పజెప్పేవాడు, మన ఊళ్ళల్లో ఆవుల్ని కాసేవాడికి ఏడాదికింత అని ధాన్యం కొలిచినట్టే అక్కడా జీతం.

ఆకురాలు కాలం వస్తే ఓక్ చెట్ల కాయలూ బీచ్ అనే రకం చెట్ల కాయలూ రాలతాయి, అప్పుడు పందులకి పండగ. కాపరులు పొడుగు కర్రలతో కొమ్మలు కొట్టి కాయలు రాలుస్తారు. అవి తిని బలిసిన పందుల్ని చలి ముదిరేసరికి కోసి ఉప్పు వేసి చలికాలమంతా తినేవాళ్ళు. ఇంగ్లండులో ఈ మేపుకునే హక్కుకి పేరే ఉంది, పానేజ్ అంటారు, దానికి రాజుకో భూస్వామికో డబ్బులో పందులో ఇవ్వాలి. 1086లో విలియం రాజు దేశమంతా సర్వే చేయిస్తే అందులో చాలా చోట్ల అడవి ఎంత ఉందో ఎకరాల్లో రాయలేదు, ఇన్ని పందులు మేసే అడవి అని రాశారు! ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఏలిన ఫ్రాంకులు అనే జాతికి ఇంకా పాత చట్టం ఒకటుంది, అందులో దొంగతనాల అధ్యాయాలు మొదలయ్యేదే పందుల దొంగతనంతో, పాలు తాగే పిల్లకి ఒక జరిమానా, పెద్దదానికి ఒకటి, ఇలా వరసగా.

బైబిల్ కథ సంగతి కూడా చెప్తా. అక్కడ ఆ కుమారుడు దూరదేశంలో పందుల్ని మేపుతూ అవి తినే పొట్టుకి ఆశపడ్డాడు అని ఉంది కదా, పందిమాంసం నిషిద్ధమైన యూదులకి ఆ మాట వింటేనే వాడెంత దిగజారిపోయాడో అర్థమైపోతుంది, వేరే వివరణ అక్కర్లేదు. రెండు వేల పందులు కొండ మీంచి సముద్రంలో పడిన కథ కూడా యూదులు కానివాళ్ళు ఎక్కువున్న ప్రాంతంలోనే జరుగుతుంది. అంటే ఆ కాలంలో అంతంత మందలూ వాటికి కాపరులూ ఉండడం వినేవాళ్ళకి వింతేం కాదన్నమాట.

కోరమంగళ కుర్రోడు

కొమ్ము ఊదితే ఎవరి టీమ్ వాళ్ళు ఎవరి మేనేజర్ దగ్గరికి పరిగెత్తడం అంటే మా ఆఫీసే గుర్తొచ్చింది అన్నా, అప్రైజల్ టైంలో. పోస్టు సూపర్. ఇంకా రాయండి మావయ్యా.

మదనపల్లి మనవడు

ఈ టాపిక్ ఇక్కడ చూస్తా అనుకోలేదు. నేనూ బెంగళూరులోనే ఉంటా, కేఆర్ పురం దగ్గర. మేం ఎరుకలవాళ్ళం, మా తాత పందులు మేపినాడు, మా నాయన కొన్నాళ్ళు మేపి వదిలేసి ఆటో తోలినాడు, నేను కంప్యూటర్ ముందర కూర్చున్నా. కాబట్టి పుస్తకాల్లో లేనిది నేను చెప్తా.

మావయ్య చెప్పినట్టు పందిని కర్రతో తోలితే పనవదు. మా తాత కర్ర పట్టుకునేది కుక్కల కోసం. పొద్దున దొడ్డి తీస్తే అవే పోతాయి, యాడికి పోవాలో వాటికి తెలుసు, ముందర ఒక పెద్ద ఆడపంది పోతుంది, దాని వెనకాల మిగతావి. కాపరి ఆ ఒక్కదాన్ని మచ్చిక చేసుకుంటే చాలు. సాయంత్రం తవుడూ కుడితీ కలిపి తొట్టిలో పోసి కూతేస్తే వచ్చేస్తాయి. మా తాత కూత నాకొస్తుంది గానీ ఇక్కడ టైప్ చేసి చూపించేది కాదు అది. పిల్లప్పట్నుంచీ ఆ కూత, తిండి, కూత, తిండి, అట్లా అలవాటు. మా చిన్నాయన కూతకి మా తాత పందులు తల కూడా ఎత్తేవి కావు.

శెనక్కాయ చేను పీకినాక నేలలో మిగిలిపోయిన కాయలుంటాయి కదా, అప్పుడు మంద అక్కడికి పోతుంది. తుంగగడ్డలంటే వాటికి ప్రాణం, ముట్టెతో తవ్వి తవ్వి తింటాయి, రైతు ఎంత దున్నినా పోని తుంగ అది. కొందరు రైతులు అందుకే రమ్మనేవాళ్ళు, కొందరు చేను పక్కకి వస్తేనే రాళ్ళేసేవాళ్ళు. పైరు మీదుండే టైంలో మాత్రం కాపరికి కంటి మీద కునుకుండదు, ఒక్క పంది చేలో పడితే తప్పు కట్టాల్సింది మేమే, అది మా పందా కాదా అని పంచాయితీ. అందుకే చెవికి కోత పెడతారు, ఒక్కో ఇంటికి ఒక్కో రకం కోత, కుడిచెవి పైన, ఎడంచెవి కింద అట్లా. సంతలో కలిసిపోయినా చెవి చూస్తే ఎవరిదో చెప్తారు.

ఈనే టైం దగ్గరికొస్తే ఆడపంది మందని వదిలేసి పోతుంది. ఎవరూ చూడని చోట గడ్డీ ఆకులూ నోటితో తెచ్చుకుని గూడు చేసుకుని అందులో ఈనుతుంది. మూడు నెలల మూడు వారాల మూడు రోజులు అని మా అవ్వ వేళ్ళ మీద లెక్కబెట్టి చెప్పేది, ఇంచుమించు అదే రోజు. వారం పది రోజులకి పిల్లల్ని వెంటేసుకుని అదే తిరిగొస్తుంది. ఆ లోపల దాని దగ్గరికి పోతే కాపరైనా సరే, తొడ చీలుస్తుంది.

ఆదాయం మాంసం ఒక్కటే కాదు. వీపు మీద బిరుసు వెంట్రుకలు బ్రష్షులకి కొనేవాళ్ళు వచ్చేవాళ్ళు, ఎరువు చేలకి పోయేది, జాతర్లకి పందిని ఇచ్చేది మేమే. ఆడోళ్ళు ఈతాకుతో, వెదురుతో బుట్టలూ గంపలూ అల్లేవాళ్ళు, సోది చెప్పేవాళ్ళు. ఇంకా ముందు తరాల్లో మావాళ్ళు గాడిదల మీద సముద్రం వైపునుంచి ఉప్పు లోపలి ఊళ్ళకి మోసి ధాన్యం తెచ్చుకునేవాళ్ళంట, రైళ్ళొచ్చినాక ఆ వ్యాపారం పోయింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చినాక వెదురు కొట్టాలన్నా అడవిలో పశువు మేపాలన్నా పర్మిషన్. తర్వాత 1911 చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో మా జాతిలో చాలామందిని నేరస్త జాతులని రాసేసినారు, పుట్టుకతోనే దొంగలంట, పోలీసు దగ్గర హాజరు వేయించుకోవాల. మావాళ్ళని ఉంచిన స్టూవర్టుపురం అట్లా పుట్టిందే. అది మద్రాసు రాష్ట్రంలో 1947లో గానీ, దేశమంతా 1952లో గానీ రద్దు కాలేదు. మంద వెంబడి ఊరూరూ తిరిగే మనిషిని ఊరు దాటొద్దంటే మంద ఏమైతుంది? ఇంటి పక్కన చెత్తలో తిరిగే పందులైతాయి. జనం చూసేది ఆ చివరి ముక్కనే.

మావాళ్ళని ఇక్కడ కర్ణాటకలో కొరమ, కొరచ అంటారు, తమిళనాడులో కొరవ అంటారు. మా ఇంటి భాష వింటే మీ చెన్నైవాళ్ళకి సగం అర్థమైతుంది మావయ్యా.

సర్జాపూర్‌వాసి

మనవడు గారూ, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్, చెవి కోత సంగతి అస్సలు తెలీదు. నిన్న ఆదివారం ఆ చెరువు దగ్గరాయన్ని పలకరించా, ఆయన కన్నడం నా కన్నడం కలిసి ఏదో మాట్లాడుకున్నాం. కానీ మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాత్రం పందుల్ని పట్టించేయాలని పెద్ద గొడవ నడుస్తోంది.

వైట్‌ఫీల్డ్ వర్మ

పట్టించేయడమే కరెక్ట్ సార్. చరిత్ర బానే ఉంది గానీ పిల్లలున్న చోట అవి తిరిగితే మెదడువాపు, పురుగులు, ఎన్ని రోగాలు. ఏ అభివృద్ధి చెందిన దేశంలోనైనా ఊళ్ళో పందులు తిరుగుతాయా? సెంటిమెంట్లతో సిటీలు నడవవు.

మైలాపూర్ మావయ్య

ఇప్పుడు తిరగవు, కానీ తిరిగినవే. 1131లో పారిస్‌లో ఫ్రాన్స్ రాజుగారి పెద్దకొడుకు ఫిలిప్ గుర్రం మీద వెళ్తుంటే అడ్డంగా ఒక పంది పరిగెత్తింది, గుర్రం పడిపోయింది, యువరాజు పోయాడు. దాంతో ఊళ్ళో పందులు తిరగకూడదన్నారు, కానీ సెయింట్ ఆంటొనీ మఠం పందులకి మాత్రం మెళ్ళో గంట కట్టి వదలొచ్చని మినహాయింపు తెచ్చుకున్నారు. దేవుడి పేరు మీద మినహాయింపు అన్ని దేశాల్లోనూ ఉన్నదే లెండి. న్యూయార్క్‌లో అయితే 1849లో కలరా వచ్చినప్పుడు పోలీసులు వేల పందుల్ని ఊరి బయటికి తోలారు, పేదవాళ్ళ పందులవి, ఆడవాళ్ళు అడ్డం పడి గొడవ చేసిన రోజులూ ఉన్నాయి.

ఇటీవలిది చెప్పనా. 2009లో స్వైన్ ఫ్లూ భయంతో ఈజిప్టు ప్రభుత్వం దేశంలో ఉన్న పందులన్నిటినీ, దాదాపు 3 లక్షలు, చంపించేసింది. ఆ జబ్బు పందుల్ని తినడం వల్ల రాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తూనే ఉంది. కైరోలో ఇంటింటికీ తిరిగి చెత్త పోగేసే జబ్బాలీన్లు అని ఉన్నారు, ఎక్కువమంది క్రైస్తవులు, తడిచెత్త వాళ్ళు పందులకే పెట్టేవాళ్ళు. పందులు పోయాక తడిచెత్త ఎవరెత్తుతారు? వీధుల్లో గుట్టలు పడి కుళ్ళింది. అదే ఈజిప్టు గురించి క్రీస్తుపూర్వం ఐదో శతాబ్దంలో హెరొడోటస్ అనే గ్రీకు చరిత్రకారుడు ఏం రాశాడో తెలుసా, పందుల కాపరులు ఆ దేశంలో పుట్టినవాళ్ళే అయినా గుళ్ళోకి రానివ్వరు, వాళ్ళ పిల్లని ఎవరూ చేసుకోరు, వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటారు అని. ఏడాదికోసారి పౌర్ణమికి పందిని బలిచ్చి మాంసం తినడానికి మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదంట. మనవడు గారు రాసిన జాతర మాట చదవగానే నాకిదే గుర్తొచ్చింది.

పశువుల డాక్టరమ్మ

చెన్నైలో పశువైద్యం చేస్తుంటా, వర్మ గారన్నదాంట్లో నిజముంది, కానీ సగమే.

మెదడువాపు, అంటే జపనీస్ ఎన్‌సెఫలైటిస్, మన దేశంలో మొదట 1955లో మా వెల్లూరు వైపే గుర్తించారు. వైరస్ పంది ఒంట్లో బాగా పెరుగుతుంది, పందికి పెద్దగా ఏమీ కాదు, దోమ దాన్ని కుట్టి మనిషిని కుడుతుంది. ఆ దోమ పెరిగేది వరిమళ్ళలో, నిలవనీళ్ళలో. అందుకని పందుల్ని ఇళ్ళకి దూరంగా పెట్టండి, పిల్లలకి టీకా వేయించండి, దోమల్ని తగ్గించండి. మూడూ చేయాలి.

రెండోది బద్దెపురుగు. దీని గురించి జనానికి తెలిసింది తలకిందులు. పందికి పురుగు తిత్తులు ఎక్కడ్నుంచి వస్తాయి? మనిషి బయట దొడ్డికి వెళ్తే అది తినడం వల్ల. అంటే పందికి మనమే అంటిస్తున్నాం. సరిగ్గా ఉడకని మాంసం తింటే మనిషి పేగులో పెద్ద పురుగు పెరుగుతుంది. కానీ మెదడులో తిత్తి పెరిగి ఫిట్స్ వచ్చేది మాంసం వల్ల కాదు, ఆ పురుగున్న మనిషి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, కడగని కూరల ద్వారా నోట్లోకి పోతే వస్తుంది. జన్మలో పందిమాంసం ముట్టని శాకాహారులకి కూడా వచ్చేది అందుకే. మరుగుదొడ్లు కట్టి వాడితే పందీ బాగుంటుంది మనిషీ బాగుంటాడు.

ఇంకో మాట, హోటల్ తిండి ఉడకబెట్టకుండా పెట్టడం మాత్రం ఆపమనండి. 2020లో అస్సాం, అరుణాచల్‌లో ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ మొదటిసారి బయటపడింది, మనిషికి రాదు గానీ వచ్చిందంటే మందలు మందలే తుడిచిపెట్టుకుపోతాయి, మిగిలిన మాంసం ముక్కల ద్వారా కూడా పాకుతుంది. ఆ మోపెడ్ ఆయనకి నష్టం ఆయన పందుల్తోనే. 2019 పశుగణనలో దేశంలో పందులు 90 లక్షల చిల్లర, 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి, ఇలా వీధుల్లో మేపడం తగ్గిపోతుండడం కూడా అందులో ఉండే ఉంటుంది.

కోరమంగళ కుర్రోడు

డాక్టరమ్మా మీ పోస్టు చదివాక క్యాబేజీ మూడుసార్లు కడిగా.

మావయ్యా ఒక డౌటు, ఇప్పుడు ఎక్కడైనా పాతకాలం పద్ధతిలో అడవిలో మేపుతున్నారా లేక అంతా షెడ్లేనా?

మైలాపూర్ మావయ్య

మేపుతున్నారు. ఇంగ్లండు దక్షిణాన న్యూ ఫారెస్ట్‌లో ఏటా ఆకురాలు కాలంలో కనీసం 60 రోజులు పందుల్ని వదులుతారు. అక్కడ పోనీ గుర్రాలూ ఆవులూ పచ్చి ఓక్ కాయలు ఎక్కువగా తింటే విషమెక్కి చచ్చిపోతాయి, పందికి పర్వాలేదు, కాబట్టి పందులు ముందే ఊడ్చేస్తే మిగతా పశువులు బతుకుతాయి. నేల మరీ తవ్వేయకుండా ముట్టెకి రింగు వేస్తారు. స్పెయిన్ నైరుతి వైపు అయితే ఇదే పెద్ద వ్యాపారం, ఓక్ చెట్ల తోపుల్లో నల్లపందుల్ని చలికాలం మేపుతారు, ఒక్కోటి రోజుకి 6 నుంచి 10 కిలోల కాయలు తింటుంది, ఆ తొడ మాంసం ఉప్పులో ఊరబెట్టి ఏళ్ళ తరబడి ఆరబెట్టి అమ్ముతారు, ధర వింటే మీ జీతం చిన్నదనిపిస్తుంది.

అమెరికాలో మాత్రం పోయింది. అక్కడ 1828లో పూర్తయిన బంకోంబ్ రోడ్డు మీద టెనెసీ నుంచి కొండలు దాటించి దక్షిణ కరోలినా తోటలకి పందుల్ని నడిపించుకుంటూ వెళ్ళేవాళ్ళు, రోజుకి 13 నుంచి 16 కిలోమీటర్లు, దారిపొడుగునా రాత్రి బసకి సత్రాలు, అక్కడే పందులకి మొక్కజొన్న. రైలొచ్చింది, ఆ తోలకం ఆగిపోయింది. మిగతా యూరప్‌లో అడవులు కొట్టేసి పొలాలు చేశాక, చైనా పందుల్తో కలిపి త్వరగా బలిసే రకాలు తయారుచేశాక, నడిచి మేసే పందితో పని లేకపోయింది, కాపరితోనూ లేకపోయింది.

సర్జాపూర్‌వాసి

మనవడు గారూ, చెరువు దగ్గరాయనకి తిండి ఉడకబెట్టమని నేను చెప్తే వింటాడా? నా కన్నడానికి ఆయన నవ్వుతాడు తప్ప.

మదనపల్లి మనవడు

మీరు చెప్తే వినడు అన్నా, అపార్ట్‌మెంటాయన కంప్లైంట్ చేయడానికొచ్చినాడు అనుకుంటాడు. కట్టెల ఖర్చు ఎవరిస్తారు అని కూడా అడుగుతాడు, అదీ న్యాయమే. వచ్చే ఆదివారం నేనొస్తా, కేఆర్ పురం నుంచి ఎంత దూరం. మావాడే అయితే మా భాషలోనే మాట్లాడతా. డాక్టరమ్మా, ఎంతసేపు ఉడకబెట్టాలో రాయండి.

పశువుల డాక్టరమ్మ

తెర్లడం మొదలయ్యాక కనీసం అరగంట, అడుగంటకుండా మధ్యలో కలుపుతూ ఉండాలి. చల్లారాకే పెట్టాలి. పచ్చిది తెచ్చిన డబ్బాలో ఉడికింది మళ్ళీ పోయకూడదు, అందరూ అక్కడే పొరపాటు చేస్తారు.